టీకా సిఫార్సు ఎవరు చేయాలి? రాష్ట్రాల కొత్త చట్టాల్లో ఏ వాక్యం చూడాలి?

గుమ్మడిపూలు | 2026 జనవరి 12, ఉదయం 8:10

అమెరికాలో ఒక్కో రాష్ట్రం "ఇకపై టీకాల సిఫార్సు మేమే చేసుకుంటాం" అంటోంది. జనవరి 5న కేంద్ర ఆరోగ్య సంస్థ సీడీసీ పిల్లల టీకాల పట్టికను కుదించాక ఈ మాట ఇంకా ఎక్కువగా వినపడుతోంది. బడిలో చేరడానికి ఏ టీకాలు తప్పనిసరో నిర్ణయించేది ఎప్పటినుంచో రాష్ట్రాలే కదా, మరి కొత్తగా మారుతున్నదేమిటి? బిల్లు తెరిస్తే ఏ వాక్యం చూడాలి? పార్టీల గొడవ వద్దండీ, పని ఎలా జరుగుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

చట్టంచదువరి | 8:52

తప్పనిసరి వేరు, సిఫార్సు వేరు. తప్పనిసరి చేసే అధికారం రాష్ట్రాలకు ఉందని 1905లోనే జేకబ్సన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. సిఫార్సు సంగతి అది కాదు. 1964లో పెట్టిన ఏసీఐపీ అనే సలహా సంఘం ఓటేస్తుంది, సీడీసీ డైరెక్టర్ ఆమోదిస్తారు. పేరుకు సలహాయే. కానీ ఇన్నేళ్లుగా రాష్ట్రాల్లో చట్టాలు రాసినవాళ్లు సొంత జాబితా తయారుచేసుకోకుండా "ఏసీఐపీ సిఫార్సు చేసిన టీకాలు" అని ఒక ముక్క రాసి చేతులు దులుపుకున్నారు. 2025 జూన్ 9న ఆరోగ్య మంత్రి కెనడీ ఆ సంఘంలోని 17 మందినీ ఒక్క దెబ్బకు తీసేసి, రెండు రోజుల తర్వాత 8 మంది కొత్తవారి పేర్లు ప్రకటించారు. అప్పటినుంచి తమ చట్టాల్లో ఆ ముక్క ఎక్కడెక్కడ ఉందో చాలా రాష్ట్రాలు వెతుక్కుంటున్నాయి.

మీరూ వెతకొచ్చు. శాసనసభ సైట్లో చట్టాల సంపుటి తెరిచి సంఘం పూర్తి పేరుతో (Advisory Committee on Immunization Practices) వెతకండి. ఏసీఐపీ అన్న పొట్టి పేరు చట్టాల్లో చాలాచోట్ల ఉండదు. సాధారణంగా నాలుగు చోట్ల తగులుతుంది: ఫార్మసిస్టు ఏ టీకా వేయొచ్చన్న సెక్షన్, బీమా కంపెనీ దేనికి డబ్బు కట్టాలన్న సెక్షన్, బడి టీకాల సెక్షన్, రాష్ట్రం టీకాలు కొని పంచే పథకం. అక్కడితో ఆపకండి. ఫార్మసీ బోర్డు నిబంధనలు వేరే సంపుటిలో ఉంటాయి. చట్టం మార్చి నిబంధన మరిచిపోతే అధికారం కాగితం మీదే ఉండిపోతుంది.

మందులషాపు | 9:30

ఆ మరిచిపోవడం ఎంత పని చేస్తుందో 2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో చూశాం. కొత్త సీజన్ కోవిడ్ టీకాకు ఆగస్టు 27న మందులను ఆమోదించే కేంద్ర సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. 65 దాటినవాళ్లకు, అంతకంటే చిన్నవాళ్లలో ఏదో ఒక అనారోగ్యం ఉన్నవాళ్లకు మాత్రమే. ఏసీఐపీ సమావేశం సెప్టెంబరు 18, 19 దాకా లేదు. ఈ మూడు వారాలూ టీకా ఫ్రిజ్‌లో ఉంది, ఎఫ్‌డీఏ అనుమతి ఉంది, వేయించుకునేవాళ్లు కౌంటర్ ముందున్నారు. అయినా "ఏసీఐపీ సిఫార్సు మేరకు" అని చట్టం ఉన్న రాష్ట్రాల్లో ఫార్మసిస్టు సిరంజి పట్టుకోవడానికి లేదు. కొన్నిచోట్ల చైన్ ఫార్మసీలు డాక్టరు చీటీ అడిగాయి, కొన్నిచోట్ల అసలు అపాయింట్‌మెంట్లే ఇవ్వలేదు.

ఒక్కో రాష్ట్రం ఒక్కో దారిలో బయటపడింది. పెన్సిల్వేనియాలో ఫార్మసీ బోర్డు సెప్టెంబరు 3న ఓటేసి, పిల్లల వైద్యుల సంఘం, ప్రసూతి వైద్యుల సంఘం, కుటుంబ వైద్యుల సంఘం చెప్పినదాన్నీ ఆధారంగా తీసుకోవచ్చంది. న్యూయార్క్ గవర్నర్ సెప్టెంబరు 5న అత్యవసర ఉత్తర్వు ఇచ్చారు. మసాచుసెట్స్ ఆరోగ్య శాఖ స్టాండింగ్ ఆర్డర్ ఇచ్చింది.

ఇందులో స్టాండింగ్ ఆర్డర్ గురించి ఒక మాట. పేరు పేరునా చీటీ రాయకుండా, ఒక వైద్యాధికారి అందరికీ కలిపి ఇచ్చే ఆదేశం అది. చేతికి రాగానే చూడాల్సినవి: సంతకం ఎవరిది, బీమా క్లెయిమ్‌లో ప్రిస్క్రైబర్ కింద వేయాల్సిన నంబరు ఎవరిది, ఏ టీకా, ఏ వయసు నుంచి, ఎవరికి వేయకూడదు, రియాక్షన్ వస్తే ఇచ్చే ఎపినెఫ్రిన్ మందు ఎంత, రాష్ట్ర టీకాల రిజిస్ట్రీలో ఎన్ని రోజుల్లో ఎక్కించాలి, గడువు ఏ తేదీ వరకు. ఎక్కువగా దెబ్బతినేది ఆ నంబరు దగ్గరే. అది తప్పయితే టీకా చట్టబద్ధంగా వేసినట్టే, డబ్బు మాత్రం రాదు. రెండోది గడువు. అక్టోబరులో బాగానే నడిచిన ఆర్డర్ జనవరిలో చెల్లకపోవచ్చు.

గుమ్మడిపూలు | 9:48

మరి శాశ్వతంగా చేసిన చట్టాలు ఎలా ఉన్నాయి? అన్నీ ఒకే అచ్చులో పోసినవేనా?

చట్టంచదువరి | 10:35

కాదండీ. మూడు రకాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, తేదీకి మేకు కొట్టడం. కాలిఫోర్నియా చట్టం ఏబీ 144 ఇదే. 2025 సెప్టెంబరు 17న సంతకమైంది. 2025 జనవరి 1 నాటికి ఏసీఐపీ సిఫార్సుల్లో ఏముందో అదే పునాది. ఆపైన కలపాలన్నా మార్చాలన్నా రాష్ట్ర ఆరోగ్య శాఖ చేతిలో పని.

రెండోది, వైద్య సంఘాల పేర్లు చేర్చడం. కొలరాడో హెచ్‌బీ 25-1027 ఈ దారిలోది. గమ్మత్తేమిటంటే ఇది 2025 మొదట్లోనే, పాత ఏసీఐపీ ఇంకా కూర్చునుండగానే వచ్చింది. నియమాలు రాసేటప్పుడు రాష్ట్ర ఆరోగ్య బోర్డు ఏసీఐపీ ఒక్కదాన్నే కాక ఆ సంఘాల మాటనూ చూడొచ్చు.

మూడోది, సొంత సంఘం. ఇలినాయ్ హెచ్‌బీ 767, 2025 డిసెంబరు 2న సంతకమైంది. రాష్ట్ర సలహా సంఘం చూసి చెబుతుంది, ఆరోగ్య శాఖ డైరెక్టర్ మార్గదర్శకాలు ఇస్తారు, రాష్ట్ర పరిధిలోని బీమా కంపెనీలు దానికి డబ్బు కట్టాలి.

చట్టం రాసేవాడిని భయపెట్టేది "ఎప్పటికప్పుడు సవరించిన ప్రకారం" అన్న తోక. బయటి సంస్థ రేపు ఏం రాస్తే అదే మన చట్టం అనడం శాసనాధికారాన్ని బయటివాళ్లకు అప్పగించడమేనని కోర్టుకెళ్లొచ్చు. అందుకే తేదీ వేస్తారు. తేదీ వేస్తే ఇంకో చిక్కు.

టీకాలెక్క | 11:20

ఆ చిక్కుకు మంచి ఉదాహరణ ఉంది. పసిపిల్లలకు శ్వాసకోశ వైరస్ ఆర్‌ఎస్‌వీ రాకుండా ఇచ్చే క్లెస్రోవిమాబ్‌కు ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2025 జూన్ 9న. కెనడీ ఏసీఐపీని ఖాళీ చేసిన రోజే, కాకతాళీయం. 2025 జనవరి 1కి మేకు కొట్టిన జాబితాలో అది ఉండదు, ఉండలేదు కూడా. కాలిఫోర్నియాలో ఆరోగ్య శాఖకు "కలిపే" అధికారం ఇచ్చారు కాబట్టి సరిపోయింది. ఆ రెండో వాక్యం లేకుండా తేదీ ఒక్కటే రాసిన బిల్లు ఎక్కడైనా కనిపిస్తే, అది ఏడాది తిరక్కుండానే పాతబడిపోతుంది.

ఇంకో గుంట ఉంది. క్లెస్రోవిమాబ్ గానీ, 2023లో వచ్చిన నిర్సెవిమాబ్ గానీ టీకాలు కావు, మోనోక్లోనల్ యాంటీబాడీలు (ప్రయోగశాలలో తయారైన ప్రతిరక్షకాలు). బిల్లులో "వ్యాక్సిన్" అని మాత్రమే రాస్తే ఈ రెండూ జారిపోతాయి. "ఇమ్యునైజేషన్" అని రాసి, నిర్వచనాల సెక్షన్లో యాంటీబాడీలను కూడా చేర్చాలి. నిర్వచనాల పేజీ ఎవరూ చదవరు. ముందు చదవాల్సింది అదే.

సెక్షన్2713 | మధ్యాహ్నం 12:05

బీమా వైపు ఇంకా ఎవరూ రాలేదు కాబట్టి నేను చెప్తా. నా పేరులో ఉన్న నంబరే కేంద్ర చట్టంలోని సెక్షన్. ఏసీఐపీ సిఫార్సు చేసి సీడీసీ ఆమోదించిన టీకాకు ప్రైవేటు ప్లాన్లు మన జేబులోంచి కట్టే కోపే, డిడక్టబుల్ లేకుండా డబ్బు కట్టాలని అది చెబుతుంది. రాష్ట్రం దీన్ని మార్చలేదు. తన పరిధిలోని బీమా కంపెనీలకు "మా జాబితాకు కూడా కట్టండి" అని మాత్రం చెప్పగలదు. 2025 సెప్టెంబరు 4న మసాచుసెట్స్ చేసింది అదే.

అయితే రాష్ట్రం మాట అందరికీ చేరదు. పెద్ద కంపెనీలు చాలావరకు బీమా కొనవు, ఉద్యోగుల వైద్య ఖర్చు తామే భరిస్తాయి. కార్డు మీద బీమా కంపెనీ పేరుంటుంది గానీ అది లెక్కలు రాసే గుమాస్తా మాత్రమే. ఇలాంటి సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లను 1974 నాటి ఎరిసా చట్టం రాష్ట్ర బీమా చట్టాలకు అందకుండా పెట్టింది. ఆరోగ్య పరిశోధన సంస్థ కేఎఫ్ఎఫ్ 2024 సర్వే ప్రకారం యజమాని ద్వారా బీమా ఉన్న ఉద్యోగుల్లో 63 శాతం ఇలాంటి ప్లాన్లలోనే ఉన్నారు. ఐటీ కొలువుల్లో ఉన్న మనవాళ్లు పెద్ద కంపెనీలో పనిచేస్తుంటే చాలావరకు ఈ కోవలోకే వస్తారు.

తెలుసుకోవడం తేలిక. హెచ్ఆర్ సైట్లో సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ అనే పత్రం ఉంటుంది. అందులో "సెల్ఫ్ ఫండెడ్" అన్న మాటో, ఖర్చులు యజమాని నిధుల నుంచి చెల్లిస్తారన్న వాక్యమో ఉందేమో చూడండి. ఉంటే కాలిఫోర్నియా చట్టమైనా ఇలినాయ్ చట్టమైనా మీ ప్లాన్‌ను కట్టడి చేయలేవు.

ప్రస్తుతానికి ఒక ఊరట ఉంది. బీమా కంపెనీల సంఘం ఏహిప్, 2025 సెప్టెంబరు 1 నాటికి సిఫార్సులో ఉన్న టీకాలన్నిటికీ 2026 చివరిదాకా తమ సభ్య కంపెనీలు డబ్బు కడతాయని ప్రకటించింది. అది మాట ఇవ్వడమే తప్ప చట్టం కాదు.

పాలపిట్ట | 12:40

అందరూ వైద్య సంఘాల పేర్లు చట్టంలో చేర్చడం మంచిదే అన్నట్టు రాస్తున్నారు. నాకు ఒప్పుదల కాలేదు. ఏసీఐపీ సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి, ఓట్లు రికార్డవుతాయి, ప్రజలు మాట్లాడే సమయం ఉంటుంది. పిల్లల వైద్యుల సంఘం ఒక ప్రైవేటు సంస్థ. దాని కమిటీ తలుపులేసుకుని తేల్చినదాన్ని రాష్ట్ర చట్టం ఎలా మోస్తుంది? కేంద్రంలో ఒక మంత్రి సంఘాన్ని మార్చేశాడని కోపగించుకుని, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని సంఘానికి తాళాలిస్తామా?

చట్టంచదువరి | 1:15

మంచి ప్రశ్న. దీనికి జవాబు ఒక్క క్రియాపదంలో ఉంది. "ఆ సంఘాల సిఫార్సుల ప్రకారం" అని రాస్తే మీ అభ్యంతరం నూటికి నూరుపాళ్లూ నిజం, కోర్టులో నిలవడం కష్టం. "ఆ సిఫార్సులను పరిగణనలోకి తీసుకుని శాఖ నిర్ణయిస్తుంది" అని రాస్తే నిర్ణయం ప్రభుత్వ అధికారిదే. కాలిఫోర్నియా రాసింది ఈ రెండో తీరు. బిల్లు చదివేటప్పుడు ఆ క్రియ కింద గీత గీసుకోండి.

మందులషాపు | 1:32

"పరిగణనలోకి" కోర్టులో బాగుంటుంది, కౌంటర్ దగ్గర బాగుండదు. నలుగురు నాలుగు రకాలుగా చెప్పినప్పుడు నేను దేన్ని పరిగణించాలి? కోవిడ్ టీకానే తీసుకోండి. 2025 ఆగస్టులో పిల్లల వైద్యుల సంఘం 6 నుంచి 23 నెలల పిల్లలందరికీ వేయమంది. సీడీసీ డాక్టరుతో మాట్లాడి ఎవరికి వారు నిర్ణయించుకోమంది. ఫార్మసిస్టుకు కావాల్సింది శాఖ వెబ్‌సైటులో ఒకే ఒక్క పట్టిక, దానిమీద తేదీ. "ఈ తేదీ పట్టిక చూసి వేశాను" అని రికార్డులో రాయగలగాలి. చట్టంలో "శాఖ పట్టికను ప్రచురించాలి" అన్న వాక్యం లేకపోతే మిగతాదంతా ఉపన్యాసమే.

పాలపిట్ట | 1:50

ఆ మాటకు ఒప్పుకుంటా. అయినా అదే పట్టిక రేపు ఇంకో గవర్నర్ చేతిలోకి వెళుతుందిగా?

చట్టంచదువరి | 2:25

వెళుతుంది. సిఫార్సు అధికారాన్ని రాష్ట్ర ఆరోగ్యాధికారికి ఇచ్చే చట్టం అటూ ఇటూ కోసే కత్తి. ఫ్లోరిడా చూడండి. 2025 సెప్టెంబరు 3న అక్కడి అత్యున్నత ఆరోగ్యాధికారి సర్జన్ జనరల్ బడి టీకాల తప్పనిసరి మొత్తం ఎత్తేస్తామన్నారు. శాఖ నిబంధనతో తప్పనిసరి చేసినవి నాలుగు: హెపటైటిస్ బీ, ఆటలమ్మ, హిబ్, న్యూమోకాకల్. వాటి జోలికి శాఖే వెళ్లగలదు. తట్టు, పోలియో, కంఠసర్పి, ధనుర్వాతం వంటివి శాసనంలోనే రాసున్నాయి, వాటిని తీయాలంటే శాసనసభ ఓటేయాలి. ఒకే తప్పనిసరి, కాకపోతే ఒకటి పెన్సిల్‌తో రాసింది, ఇంకోటి శిలాశాసనం.

సొంత సంఘం పెట్టే రాష్ట్రాలు అందుకే సభ్యుల కాలపరిమితిని వంతులవారీగా ముగిసేలా రాయాలి, కోరం చెప్పాలి, తొలగించాలంటే కారణం చూపాలని రాయాలి. 17 మందిని ఒక్క ఉత్తర్వుతో పంపేయగలిగింది ఇలాంటి వాక్యం లేకే.

గుమ్మడిపూలు | 2:40

బీమా లేని పిల్లల సంగతేంటి? వాళ్లకు ఉచిత టీకాలు వస్తాయిగా, అవీ రాష్ట్రం పరిధిలోకి వస్తాయా?

టీకాలెక్క | 3:30

రావు. ఈ విషయంలో రాష్ట్ర చట్టాలు పూర్తిగా నిస్సహాయం. మీరడిగేది కేంద్ర ప్రభుత్వపు వీఎఫ్‌సీ పథకం. 1993లో చట్టమైంది, 1994 నుంచి నడుస్తోంది. 19 ఏళ్లలోపు వాళ్లలో తక్కువ ఆదాయంవాళ్ల ప్రభుత్వ బీమా మెడికెయిడ్‌కు అర్హులు, బీమా లేనివాళ్లు, ఉన్న బీమా టీకాలకు చాలనివాళ్లు, అమెరికన్ ఇండియన్, అలాస్కా నేటివ్ పిల్లలు దీని కిందకు వస్తారు. దేశంలో దాదాపు సగం మంది పిల్లలన్నమాట. ఈ పథకంలో ఏ టీకా ఉండాలో ఏసీఐపీ విడిగా ఓటేసి తీర్మానిస్తుంది. చట్టంలో ఆ సంఘానికి నేరుగా ఇచ్చిన అధికారం అది.

రెండు ఓట్లు వేరు కావడంతో ఎంత గందరగోళం అవుతుందో 2025 సెప్టెంబరులో బయటపడింది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మ నాలుగూ కలిసిన ఎంఎంఆర్‌వీ టీకాను నాలుగేళ్లలోపు పిల్లలకు వద్దని 18న ఓటేశారు. వెంటనే వీఎఫ్‌సీ ఓటులో మాత్రం పాత తీరే ఉంచేశారు. అంటే సిఫార్సు లేదు, ఉచిత సరఫరా ఉంది! మర్నాడు మళ్లీ ఓటేసి సరిచేసుకున్నారు.

క్లినిక్‌లో దీని అర్థమేమిటంటే, వీఎఫ్‌సీ స్టాకు, ప్రైవేటు స్టాకు ఒకే ఫ్రిజ్‌లో ఉన్నా వేర్వేరు అరల్లో, వేర్వేరు లెక్కల్లో ఉండాలి. రాష్ట్రం "ఈ డోసు వేయండి" అన్నా, వీఎఫ్‌సీ తీర్మానంలో లేని డోసును ఆ అరలోంచి తీయకూడదు. తీస్తే సొంత డబ్బుతో కొని తిరిగి పెట్టాలి. రాష్ట్రం నిజంగా పూనుకుంటే టీకా కొనడానికి బడ్జెట్లో డబ్బు పెట్టాలి. బిల్లుకు జతచేసిన ఆర్థిక నోటు చూడండి. అక్కడ సున్నా ఉంటే పేద పిల్లలకు ఆ చట్టం వల్ల ఒరిగేదేమీ లేదు.

సెక్షన్2713 | 3:55

దీనికి ఒక సవరణ లాంటిది. జనవరి 5 పట్టికలో రోటావైరస్, ఫ్లూ, రెండు హెపటైటిస్‌లు, మెనింజైటిస్, కోవిడ్ టీకాలు "అందరికీ" అన్న గుంపులోంచి బయటికొచ్చాయి. ప్రమాదం ఎక్కువున్న పిల్లలకు, లేదా డాక్టరూ తల్లిదండ్రులూ మాట్లాడుకుని నిర్ణయించేవిగా మారాయి. ఈ "మాట్లాడుకుని" అన్న వర్గం కూడా చట్టం లెక్కలో సిఫార్సే, బీమా కట్టాల్సిందే, వీఎఫ్‌సీలోనూ ఉంది. "సీడీసీ తీసేసింది, డబ్బు రాదు" అని తిప్పి పంపితే అది తప్పు.

మందులషాపు | 4:10

డబ్బు వస్తుంది. కానీ స్టాండింగ్ ఆర్డర్‌తో అందరికీ వరసగా వేసే పద్ధతి దెబ్బతింటుంది. "మాట్లాడి నిర్ణయించాలి" అన్నచోట ఎవరు మాట్లాడారు, ఎప్పుడు మాట్లాడారు అని రికార్డు అడుగుతారు. కొన్ని రాష్ట్రాల చట్టాల్లో "రొటీన్‌గా సిఫార్సు చేసినవి" అని ఉంటుంది. ఆ "రొటీన్‌గా" అన్న ఒక్క పదంతో ఫార్మసిస్టు అధికారం ఊడిపోతుంది. రాష్ట్ర బిల్లులు ఆ పదాన్ని తీసేయడం మీద దృష్టి పెడితే చాలా మేలు.

టీకాలెక్క | 4:45

ఇంకొకటి, ఎవరి కంటా పడనిది: సాఫ్ట్‌వేర్. పిల్లవాడి రికార్డు తెరవగానే "ఈ డోసు బాకీ" అని ఎర్రగా చూపించే లెక్క ఉంటుంది కదా, దాని వెనక తర్కం సీడీసీ ప్రచురించే నియమావళి నుంచి వస్తుంది. డిసెంబరు 5న ఏసీఐపీ 8–3 ఓటుతో, తల్లికి హెపటైటిస్ బీ లేదని పరీక్షలో తేలితే పుట్టగానే వేసే డోసును తల్లిదండ్రుల నిర్ణయానికి వదిలేసింది. డిసెంబరు 16న సీడీసీ ఆమోదించింది. రాష్ట్రం "పుట్టిన 24 గంటల్లో వేయండి" అనే చెబుతున్నా, కంప్యూటరు కేంద్రం లెక్క పట్టుకుంటే నర్సుకు గుర్తుచేయదు. చట్టం మారిన రోజే రిజిస్ట్రీ నడిపేవాళ్లకు, ఆస్పత్రి ఐటీకి పని మొదలవ్వాలి. ఆ తర్కాన్ని రాష్ట్రమే సొంతంగా రాయించుకోవడం నెలల పని, మనుషులు కావాలి.

అలాగే టీకా వేసేముందు ఇచ్చే సమాచార పత్రం. 1986 చట్టం ప్రకారం అది కేంద్రం రాసిందే ఇవ్వాలి. రాష్ట్రం చెప్పే మాట ఒకటి, చేతిలో పెట్టే కాగితం మాట ఇంకొకటి అయితే తల్లిదండ్రులు అడుగుతారు. రాష్ట్ర పట్టికను కూడా పక్కన పెట్టి ఇవ్వడమే మార్గం.

గుమ్మడిపూలు | 5:20

గ్రీన్ కార్డు వైద్య పరీక్షకు దీనితో లంకె ఉందా? మనవాళ్లు అడిగేది అదే.

చట్టంచదువరి | 5:50

ఉంది, కానీ రాష్ట్రంతో లేదు. ఆ పరీక్ష నమోదు చేసే ఐ-693 ఫారానికి ఆధారం 1996 నాటి వలస చట్ట సవరణ. అందులో కొన్ని పేర్లు నేరుగా రాసున్నాయి: తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, పోలియో, ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు, హిబ్, హెపటైటిస్ బీ. తర్వాత "ఏసీఐపీ సిఫార్సు చేసిన ఇతర టీకాలు" అని తోక. ఆ తోకలోంచి ఏవి తీసుకోవాలో సీడీసీ 2009 నుంచి విడిగా కొలతలు పెట్టుకుంది. కోవిడ్ టీకా రుజువు అడగడం 2025 జనవరి 22న ఆపేశారు. హెపటైటిస్ బీ పేరు శాసనంలోనే ఉంది కాబట్టి, శిశువుల పట్టిక మారినంత మాత్రాన వలస జాబితాలోంచి దానంతటది పోదు. ఆ పరీక్ష చేసే డాక్టరు (సివిల్ సర్జన్) చూసేది కేంద్రం సూచనలే, రాష్ట్ర పట్టిక కాదు.

పాలపిట్ట | 6:15

మన దేశంలో ఈ గొడవకు చోటే లేదనుకుంటా. ఎన్‌టీఏజీఐ అనే టీకాల సలహా సంఘం 2001 నుంచి సలహా ఇస్తుంది, కేంద్ర ఆరోగ్య శాఖ నిర్ణయిస్తుంది, ఆంధ్రా, తెలంగాణ అదే కార్యక్రమాన్ని అమలు చేస్తాయి. పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ పట్టిక వేరే ఉంటుంది, ప్రైవేటు క్లినిక్‌లు దాన్ని చూస్తాయి. రాజ్యాంగంలో ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోదే అయినా, ఇక్కడ చట్టంలో ఏ సంఘం పేరూ ఇరికించలేదు కాబట్టి తీయాల్సిన అవసరమూ రాలేదు.

ఒక సంగతి మాత్రం అక్కడికి వెళ్లేవాళ్లకు పనికొస్తుంది. ఇక్కడ ప్రభుత్వ కేంద్రంలో 9 నెలలకు వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) డోసు అమెరికా బడి లెక్కలోకి రాదు. ఏడాది నిండాక వేసిందే లెక్క. పైగా అందులో గవదబిళ్లల టీకా ఉండదు.

సెక్షన్2713 | 6:40

ఎవరో "17 టీకాలు 11 అయ్యాయి" అని నాకు మెసేజ్ పెట్టారు. అవి వ్యాధుల లెక్క, టీకాల లెక్క కాదు. ఎంఎంఆర్ ఒక్క సూదే మూడు వ్యాధులు. బిల్లుల ముందుమాటల్లో కూడా ఈ పొరపాటు దొర్లుతోంది. ముందుమాటలో పోతే పోనీ, జాబితా సెక్షన్లో దొర్లితే మాత్రం వచ్చే సమావేశాల్లో మళ్లీ సవరణ బిల్లు పెట్టాల్సిందే.